పంతొమ్మిది దొప్పలు

అక్టోబరు 17, గురువారం

రోజుకు అర పేజీ రాయమన్నారు శోభారాణి మేడమ్. మా కాలేజీలో తెలుగు చెప్పేది ఆమే. ఎవరికీ చూపించొద్దట, తనకు కూడా. అందుకని రెండు వందల పేజీల నోటుబుక్కు కొన్నాను. భద్రాచలం హాస్టల్లో నా పక్క మంచం లాలిది. ఆమెది ఇల్లందు దగ్గర తండా. నేను రాస్తుంటే మెడ చాచి, ఎవడి పేరు రాస్తున్నావే అని నవ్వింది.

ఈరోజు దొరికిన మాట: ఆనవాలు. ముందే తెలుసు. కానీ ఇవాళ పాఠంలో వస్తే కొత్తగా వినిపించింది. తునికిపండు గింజలాగా సాయంత్రం దాకా నోట్లోనే తిప్పుకున్నాను.

మేడమ్ తన పాత ల్యాప్‌టాప్ నాకు ఇచ్చారు. ఎండాకాలం సెలవుల్లో అవ్వ దగ్గర కూర్చుని ఫోన్లో రికార్డు చేసినవన్నీ అందులోకి ఎక్కించాను. మొత్తం అరవై ఒకటి. చెట్ల పేర్లు, వాగు చేపల పేర్లు, వానల్లో రకాలు, విత్తేటప్పుడు పాడే పాట. అన్నీ మా కోయ మాటలో. అవ్వ నాన్నకు అమ్మ. ఆగస్టులో ఆమెకు కుడి పక్క పడిపోయింది. నోరు వంకరపోయింది. గొంతులోంచి ఒక మూలుగు తప్ప ఇప్పుడు ఏమీ రాదు.

అరవయ్యింటికి పేర్లు పెట్టాను. అరవై ఒకటోదానికి పెట్టలేదు. అది పేర్లదే.

అక్టోబరు 19, శనివారం

ఆ రికార్డు మళ్లీ విన్నాను. పదకొండు నిమిషాలు.

కొత్తల పండుగ నాడు కొత్త బియ్యం వండుతాం. ఎవరూ ముద్ద నోట్లో పెట్టకముందే, ఇంట్లోంచి పోయినవాళ్లందరినీ పేరు పేరునా పిలిచి, ఒక్కొక్కరికి ఒక్కో ఆకు దొప్పలో అన్నం పెట్టాలి. మాకు పంతొమ్మిది దొప్పలు. ముందు తాత పిలిచేవాడు. తాత పోయాక నాన్న. నాలుగేళ్ల కింద నాన్న జ్వరంతో పోయాక అవ్వే పిలుస్తోంది. బయటి నుంచి వచ్చిన కోడలు ఆ పేర్లు నోటితో పలకకూడదు. ఇంట్లో తనకంటే పెద్దవాళ్లు ఎవరూ మిగలనప్పుడే ఆమెకు ఆ హక్కు వస్తుంది. అవ్వకు వచ్చింది. అమ్మకు ఇంకా రాలేదు. ఈసారి ఇంటి పిల్లగా నేనే పిలవాలి.

జూన్‌లో నేను పెన్ను తీస్తే అవ్వ చేతి మీద కొట్టింది. పేర్లు రాయకూడదట. రాస్తే కాగితం మీదే ఉండిపోతారట, పిలిస్తే రారట. రికార్డు చేస్తే అని అడిగాను. కాసేపు ఆలోచించి, అది గొంతే కదా, గొంతు పర్వాలేదు అన్నది.

నేను ఎన్నిసార్లు లెక్కపెట్టినా పద్దెనిమిదే వస్తున్నాయి. ఎక్కడో ఒకటి జారిపోతోంది. ఇంకా శ్రద్ధగా వినాలి. పండుగకు ఇంకా నెల ఉంది.

అక్టోబరు 22, మంగళవారం

జరిగింది జరిగినట్టు వరుసగా రాస్తాను.

మధ్యాహ్నం క్లాసు లేదు. ఉచిత నిఘంటువు దించుకుందామని ఒక సైటు తెరిచాను. ఒక్కసారిగా తెరంతా ఎర్రబడింది. మధ్యలో డాలు బొమ్మ. ఒక ఆడగొంతు ఇంగ్లీషులో హెచ్చరిక మళ్లీ మళ్లీ చెబుతోంది. కంప్యూటర్ ఆపితే ఫైళ్లన్నీ పోతాయని, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయమని ఉంది. నేను తొందరపడలేదు. తెర మీది ప్రతి మాటకూ పుస్తకం నిఘంటువులో అర్థం చూశాను. థ్రెట్ అంటే ముప్పు అని ఉంది. బెదిరింపు అని కూడా ఉంది కానీ ఇక్కడ అది కుదరదనిపించింది.

ఫోన్ చేశాను. అటు నుంచి మాట్లాడినతని పేరు సాయికృష్ణ. ఎంత చక్కటి తెలుగు. ప్రతి వాక్యానికీ మేడమ్ అన్నాడు. నన్ను ఇంతవరకూ ఎవరూ మేడమ్ అనలేదు. ఒక యాప్ పెట్టుకోమన్నాడు. పెట్టుకున్నాక బాణం గుర్తు దానంతటదే కదిలింది. ఎర్ర గుర్తులు, పసుపు గుర్తులు ఉన్న పొడవాటి పట్టీ ఒకటి తెరిచి చూపించాడు. ఇవన్నీ వైరస్ తిన్న చోట్లు మేడమ్ అన్నాడు. వందలు ఉన్నాయి.

ఇందులో మీకు అన్నిటికన్నా ముఖ్యమైనవి ఏవి అని అడిగాడు. అవ్వ సంగతి చెప్పాను. ఇప్పుడు మాట రాదని కూడా చెప్పాను. అతను మెల్లగా, "అయితే మనం ముందు వాటినే కాపాడుకుందాం మేడమ్" అన్నాడు.

మనం అన్నాడు.

మూడేళ్ల రక్షణకు మూడున్నర వేలు. స్కాలర్‌షిప్ పడి ఉంది కదా. కట్టేశాను. తెర పచ్చగా మారింది.

అక్టోబరు 23, బుధవారం

ఈరోజు దొరికిన మాట: భద్రం.

అక్టోబరు 25, శుక్రవారం

సాయికృష్ణ గారే ఫోన్ చేశారు. కంప్యూటర్ శుభ్రమైందట కానీ రికార్డులు వచ్చింది ఫోన్లోంచి కాబట్టి వైరస్ మూలం ఫోన్లోనే ఉందట. అక్కడ ఉంచితే మళ్లీ పాకుతుందట. ఆయన లైన్లో ఉండగానే ఫోన్లో ఉన్నవి తీసేశాను. ఒక్కొక్కటే తీసేశాను, అరవై ఒకటి. చెత్తబుట్టలోంచి కూడా తీసేయమన్నారు. అదీ చేశాను.

మీలాగా చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్లు అరుదు అన్నారు.

అక్టోబరు 28, సోమవారం

లాలికి అన్నీ వివరించాను, వైరస్ ఎలా పాకుతుందో, మూలం ఎలా తీసేయాలో. తను తల దువ్వుకుంటూ వింది. చివర్లో ఒక్కటే అడిగింది. "ఆయన్ని నువ్వు చూసినవా?"

డాక్టరును కూడా ఫోన్లో అడుగుతాం కదా అన్నాను.

"డాక్టర్ మన ఇంటికి తానే ఫోన్ జేసి నీకు జ్వరమున్నదని చెప్పడు గదనే" అన్నది లాలి.

తనకు ఇలాంటి విషయాలు తెలియవు. తండాలో సిగ్నలే సరిగ్గా ఉండదు.

నవంబరు 2, శనివారం

రికార్డులున్న ఫోల్డరుకు తాళం బొమ్మ వచ్చింది. తెరుచుకోవడం లేదు.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. మూడోసారి వేరే గొంతు. సాయికృష్ణ గారు సెలవులో ఉన్నారని, వైరస్ తిరగబడిందని, ఫైళ్లను విడిగా బంధించి ఉంచామని, పోలేదని చెప్పాడు. విడిపించడానికి ఎనిమిది వేలు అవుతుంది. మూడు రోజులు దాటితే వాటంతటవే చెరిగిపోతాయి. ఇతను మేడమ్ అనలేదు.

నవంబరు 3, ఆదివారం

రాయడానికి ఏమీ లేదు.

నవంబరు 4, సోమవారం

నిన్న ఏమీ లేదని రాశాను. అది నిజం కాదు.

అమ్మ బ్యాంకు ఖాతా నా ఫోన్లోనే ఉంది. అమ్మకు చిన్న ఫోను, అందులో డబ్బులు పంపడం రాదు. అందులో ఉన్నది తునికాకు డబ్బు. మే నెలంతా తెల్లారకముందే అడవికి పోయి, యాభై ఆకులకు ఒక కట్ట కట్టి, ఎండలో పరిచి సంపాదించింది. నేనూ నాలుగు రోజులు కట్టలు కట్టాను. నారతో వేలు కోసుకున్న గుర్తు ఇంకా ఉంది.

ఎనిమిది వేలు పంపాను. ఫైళ్లు రాగానే స్కాలర్‌షిప్ తర్వాతి విడతతో తిరిగి వేస్తాను. అమ్మకు తెలియాల్సిన పని లేదు. ఇది తీసుకోవడం కాదు, సర్దుబాటు.

సాయంత్రంలోగా ఫోన్ చేస్తామన్నారు.

నవంబరు 5

చేయలేదు.

నవంబరు 6

వాళ్లకు పని ఎక్కువగా ఉండి ఉంటుంది.

నవంబరు 7

ఇవాళ చేశారు. తప్పుగా ఎక్కువ కట్టించుకున్నారట, వాపసు ఇస్తారట. ఫోన్లో కూడా ఆ యాప్ పెట్టి, వచ్చిన అంకెలు చెప్పమన్నారు. చెప్పాను.

అమ్మ ఖాతాలో ఇప్పుడు నలభై రెండు రూపాయలు ఉన్నాయి. ఆ నంబరు మోగడం లేదు.

నవంబరు 8, శుక్రవారం

లాలి నన్ను బ్రిడ్జి సెంటరు దగ్గరున్న చందర్ అన్న షాపుకు తీసుకుపోయింది. ల్యాప్‌టాప్ సంచిలోంచి తీస్తుంటే రోగిని బల్ల మీద పడుకోబెట్టినట్టు అనిపించింది. చందర్ అన్న నోట్లో స్క్రూ పట్టుకుని అంతా విన్నాడు. తర్వాత ఆ ఎర్ర గుర్తుల పట్టీ తన కంప్యూటర్లోనే తెరిచి చూపించాడు. అందులోనూ వందలు.

"గివి ప్రతి పెట్టెల ఉంటయ్ చెల్లె. మనం దగ్గినట్టు, తుమ్మినట్టు. నువ్వు ఫోన్ జేసేదాక నీ పెట్టెకు ఏ రోగం లేదు."

నిజమైన వైరస్ మందు కంపెనీలు తెర మీద ఫోన్ నంబరు వేసి అరవవట. అలా అరిచేదే దొంగదట. ఆ పేజీ మూసేస్తే పోయేదట. మూసేస్తే చాలునట.

రెండు రోజులు టైము అడిగాడు. ఫోను కూడా అడిగాడు. ఇచ్చి వచ్చాను. దారంతా లాలి నా ఖాళీ సంచి తనే మోసింది. ఏదైనా అంటే బాగుండేది.

నవంబరు 10, ఆదివారం

ఫోనులో ఏమీ దొరకలేదు. ల్యాప్‌టాప్‌లో పద్నాలుగు దొరికాయి. చేపలవి ఉన్నాయి, వానలవి సగం ఉన్నాయి. అరవై ఒకటోది నాలుగు సెకన్లే వచ్చింది. అందులో అవ్వ గొంతు సవరించుకుంటుంది. తర్వాత మా మాటలో, "వింటోందా ఇది?" అని నన్ను అడుగుతుంది. అంతే.

చందర్ అన్న డబ్బులు తీసుకోలేదు. "ముసలమ్మ దగ్గర మళ్లా చెప్పిచ్చుకోరాదు?" అన్నాడు. ఆయనకు తెలియదు.

నవంబరు 11, సోమవారం

అమ్మ ఫోన్ చేసింది. ఊరి పటేలు పండుగ కుదిర్చాడట, ఇరవై నాలుగు, ఆదివారం. రెండు రోజుల ముందే రమ్మన్నది. "పేర్లు అన్నీ నోటికొచ్చినయా?" అని అడిగింది.

వచ్చాయి అన్నాను.

నవంబరు 13, బుధవారం

కళ్లు మూసుకుని అవ్వ గొంతును తలుచుకుంటున్నాను. పదకొండు వచ్చాయి. ఆ తర్వాత అవే తిరిగి వస్తున్నాయి. క్లాసులో కూర్చుని పెదవులు కదిలిస్తుంటే పక్కమ్మాయి నాకు మంత్రాలు వస్తాయా అని అడిగింది.

మిగిలినవాటికి నేనే ఏవో పేర్లు పెట్టి పిలిస్తే ఎవరికి తెలుస్తుంది? అమ్మ అడగదు. అవ్వకు మాట రాదు.

పై వాక్యం నేను రాశానంటే నాకే నమ్మకం కుదరడం లేదు. కొట్టేయను. ఉండనీ.

నవంబరు 15, శుక్రవారం

శోభారాణి మేడమ్‌కు చెప్పేశాను. తిడతారనుకున్నాను. ముందు సైబర్ ఫిర్యాదు చేయించారు. డబ్బు పోయిన రోజే చేసి ఉంటే ఆగేదేమో అన్నారు ఫోన్లో అటువైపువాళ్లు. తర్వాత నన్ను స్టాఫ్ రూమ్‌లో కూర్చోబెట్టి టీ తెప్పించారు. అతని తెలుగు చాలా బాగుంది మేడమ్ అన్నాను. ఎందుకన్నానో తెలియదు, అక్కడే ఏడుపు వచ్చింది.

"మంచి మాట ఎవరి నోట్లో అయినా మంచిగనే ఉంటది భవానీ. అది ఎందుకు వాడుతున్నడో చూసుకోవాలె" అన్నారు. ఇంట్లో చెప్పావా అని అడిగారు.

నవంబరు 22, శుక్రవారం. ఇంటి దగ్గర

చర్ల దాకా బస్సు. పోలీసు క్యాంపు దగ్గర దింపి సంచులు చూశారు. ల్యాప్‌టాప్ ఎవరిదని అడిగారు. కాలేజీ కార్డు చూపిస్తే వదిలారు. అక్కడి నుంచి ఆటో, వాగు దాటాక నడక.

అమ్మ చూరు కింద మోదుగాకులు ముందేసుకుని దొప్పలు కుడుతోంది. ఇంటి ముందు నులక మంచం మీద అవ్వ. నన్ను చూసి ఎడమ చెయ్యి ఎత్తింది. సగం ముఖం నవ్వింది.

నేనూ కూర్చుని ఆకు మడిచి పుల్ల గుచ్చసాగాను. ఆరో దొప్ప దగ్గర చెప్పడం మొదలుపెట్టాను. ఎర్ర తెర, మేడమ్ అన్నవాడు, ఫోన్లోంచి నా వేలితోనే తీసేయడం, ఆకు డబ్బు, పేర్లన్నీ వచ్చాయని ఫోన్లో చెప్పిన అబద్ధం. అమ్మ తల ఎత్తలేదు. కుడుతూనే ఉంది. డబ్బు సంగతి దగ్గర మాత్రం పుల్ల విరిగింది. ఇంకొకటి తీసుకుంది.

అంతా అయ్యాక, "ఎన్ని గుర్తున్నయ్?" అని అడిగింది. అమ్మ మా మాటలోనే అన్నది, నేను తెలుగులో రాస్తున్నాను.

పదకొండు అన్నాను.

"ఆకు మళ్లా ఎండాకాలం వస్తది. పేర్ల సంగతి మొదటి రోజే నాతోని చెప్తే అయిపోవు గద బిడ్డా."

"నీకు తెలుసా?"

"ఇరవై రెండేండ్లసంది గోడ ఇవతల కూసోని వింటాన. పలుకొద్దన్నరు గని, చెవులు మూసుకోమని ఎవరు చెప్పలే."

ఇరవై రెండేళ్లు. నేను అరవై ఒక్క రికార్డులు చేశాను. అమ్మను ఒక్క మాట అడగలేదు.

చెవిలో చెప్పమన్నాను. ఒక్కసారే, ఎవరికీ వినపడకుండా. అమ్మ మంచం వైపు చూసింది.

"మీ అవ్వ ఉన్నది గదే. నేను పలికితే ఆమె లేనట్టే."

దొప్పలు లెక్కపెట్టి గంప కింద పెట్టింది. పంతొమ్మిది.

నవంబరు 23, శనివారం

పొద్దున వడ్లు దంచుతూ అమ్మ ఉన్నట్టుండి రోకలి ఆపింది. ఒక కాలు ఈడుస్తూ వాకిట్లో నాలుగడుగులు నడిచింది. నాకు అర్థం కాలేదు. మళ్లీ నడిచింది. అప్పుడు తట్టింది. ఎలుగుబంటి కాలు కరిచిన ముత్తాత. ఆ కథ నాన్న చెప్పేవాడు. పేరు నోట్లోకి దానంతటదే వచ్చింది. గట్టిగా పలికాను.

మంచం పట్టె మీద అవ్వ ఎడమ చేత్తో ఒక్క దెబ్బ కొట్టింది.

రోజంతా అదే పని. అమ్మ పేరు పలకదు, కానీ పేరు చుట్టూ ఉన్నదంతా చెబుతుంది. సంతనాడు పుట్టినాయన. ఏ చెట్టు కింద పుట్టిందో ఆ చెట్టు పేరే పెట్టుకున్నామె. కల్లు తాగి వాగులో గొడ్డలి పారేసుకుని మూడు రోజులు వెతికినాయన. ఆయన్ని అమ్మ నటించి చూపిస్తే దంచిన బియ్యం అంతా చెల్లాచెదురైంది. ముగ్గురం నవ్వాం. అవ్వ నవ్వు కూడా మూలుగులాగే ఉంటుంది, కానీ కళ్లలో తెలుస్తుంది. తప్పు పేరు పలికితే అవ్వ చెయ్యి కదలదు. సరైనది పలికితే దెబ్బ. సంతనాయన కోసం, అప్పట్లో సంత ఏ రోజో తెలియక, వారాల పేర్లు వరుసగా పలికాను. అయిదో వారానికి కొట్టింది.

సాయంత్రానికి పదకొండూ ఏడూ పద్దెనిమిది.

ఇంకొకటి ఉంది కదా అన్నాను. అమ్మ చేటలో బియ్యం చెరుగుతూ గొంతు తగ్గించింది.

"మీ నాయిన పేరు కంటే ముంగట వస్తది. అది మీ తాత, మీ నాయిన గూడ లోపల్కి మింగే పలికేటోళ్లు, మీ అవ్వ గూడ అంతే. ఇన్నేండ్లల్ల ఒక్కసారి సాఫ్‌గ ఇనపడలే. మీ నాయిన కంటే ముందు ఒక ఆడపిల్ల ఉండెనట. నడక రాకముందే పోయిందట. అంతే తెలుసు నాకు."

రికార్డులో అక్కడ ఒక ఊపిరి ఉండేది. ఎన్నోసార్లు విన్నాను. ఊపిరి పీల్చుకుంటోంది అనుకున్నాను.

అంటే ఆ పదకొండు నిమిషాలు నా దగ్గరే ఉన్నా ఆ పేరు నా దగ్గర లేదు.

నవంబరు 25, సోమవారం. బస్సులో

అక్షరాలు ఊగుతున్నాయి. అయినా ఇప్పుడే రాయాలి.

నిన్న పొద్దున ఇల్లు అలికి, కొత్త బియ్యం వండి, దొప్పలు వరుసగా పెట్టాం. అవ్వను మంచంతో సహా లోపలికి తెచ్చాం. అమ్మ ఎప్పటిలాగే గోడ అవతల కూర్చుంది. నేను స్నానం చేసి వచ్చి కుండ ముందు కూర్చున్నాను. పటేలు గుమ్మంలో నిలబడి, ఆడపిల్ల గొంతు వణుకుతుందేమో చూద్దాం అన్నాడు.

వణకలేదు. ఒక పేరు, ఒక దొప్ప, ఒక పిడికెడు అన్నం. పదిహేడు పిలిచాను. ముందటి రోజు నటించినవాళ్ల పేర్లు వచ్చినప్పుడు గోడ అవతల అమ్మ గాజులు చప్పుడయ్యాయి.

పద్దెనిమిదో దొప్ప దగ్గర ఆగాను. అన్నం చేతిలోనే ఉంది. ఏదో ఒక పేరు అల్లి పలకొచ్చు. దాటేసి నాన్న పేరు పిలవొచ్చు. పటేలుకు తెలియదు. నేను తల తిప్పి అవ్వను చూశాను. పేరు నాకు తెలియదవ్వా అన్నాను. అందరూ విన్నారు.

అవ్వ ఎడమ చేత్తో మంచం పట్టె పట్టుకుని కొద్దిగా లేచింది. నోరు తెరిచింది. మెడ నరాలు బిగుసుకున్నాయి. చాలాసేపటికి ఒక శబ్దం వచ్చింది. రోజూ వచ్చే మూలుగు కాదు. మొదట్లో పెదవులు కలిశాయి, మధ్యలో కొంచెం పైకి లేచింది, చివర మెత్తగా విడిపోయింది. మళ్లీ అదే శబ్దం, మొదటిదానిలాగే. మూడోసారి కూడా.

నేను దాన్ని నాకు వినిపించినట్టు పలికాను. అవ్వ చెయ్యి కదలలేదు. మళ్లీ పలికాను, మధ్యలో పైకి లేపి.

పట్టె మీద దెబ్బ పడింది.

ఆ దొప్పలో అన్నం పెట్టాను. తర్వాత నాన్నను పిలిచాను. తర్వాత అందరం తిన్నాం. అమ్మ అవ్వకు తినిపిస్తుంటే అవ్వ కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఎడమ చేత్తో నా కొంగు పట్టుకుని ఉంది.

ఇవాళ బయల్దేరేటప్పుడు అమ్మ వాగు దాకా వచ్చింది. దారిలో ఆ శబ్దం ఒకసారి అనమని అడిగింది. అన్నాను. తను అనలేదు. తల ఊపి, చెవి మీది నుంచి కొంగు తీసి, మళ్లీ ఒకసారి అనమన్నది.

క్యాంపు దాటాక ఫోన్ మోగింది. తెలియని నంబరు. "మేడమ్, మీ కంప్యూటర్..." అన్నాడు. పెట్టేశాను.

ఈరోజు దొరికిన మాట: అది ఇక్కడ రాయను.